చుక్కల మేడమ్, ఎవరూ చూడని గ్రాఫు

పాలగిన్నె పొయ్యి మీద పెట్టాక, అది పొంగేలోపు, చుక్కల మేడమ్ రోజూ ఒక పని చేసేవారు. కుళాయి కింద వేలు తడుపుకుని వంటగట్టు నల్లరాయి మీద ఐదు చుక్కలు పెట్టేవారు. ఒక్కో చుక్కనూ అటూ ఇటూ ఉన్న రెండింటితో కలిపేవారు. ఐదు మూలల బొమ్మ ఒకటి తయారయ్యేది. అది ఆరిపోయేదాకా దాని వంకే చూసి, తృప్తిగా తల ఊపేవారు. పొద్దున్నే కొందరు దేవుడికి దణ్ణం పెట్టుకుంటారు, కొందరు పేపరుకు పెట్టుకుంటారు. ఆవిడ ఐదు చుక్కలకు పెట్టుకునేవారు. ఎవరు దేనికి పెట్టినా చేరేది తనకేనని దేవుడికి తెలుసు కాబట్టి ఆయనేమీ అనుకుని ఉండడు. పాలు మాత్రం అనుకునేవి. పొంగి రాయంతా పారేవి. అప్పుడు లోపలి గదిలోంచి ఆవిడ భర్త గబగబా వచ్చి పొయ్యి కట్టేసి, గుడ్డతో రాయి తుడిచి, ఒక్క మాట కూడా అనకుండా వెళ్లిపోయేవారు. పెళ్లయిన కొత్తలో ఏదో అనబోయారట. తరవాత గుడ్డను చేతికి అందే చోట తగిలించుకున్నారు. ఎంతో మంది కాపురాల్లో ఆ పాటి తెలివి కూడా కనపడదు.

ఆయనకు బజారు మలుపులో కళ్లజోళ్ల షాపు ఉండేది. ఆవిడ డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పేవారు. బోర్డు మీద ఏ పాఠం మొదలుపెట్టినా చివరికి చుక్కలూ గీతలే తేలేవి కాబట్టి పిల్లలు చుక్కల మేడమ్ అని పేరు పెట్టారు. అసలు పేరు జీతం ఇచ్చే గుమాస్తాకు తెలిసి ఉంటుంది.

ఆ ఐదు చుక్కల బొమ్మ ఒక పెద్ద వంశంలో అందరికంటే చిన్నది. చుక్కలూ గీతలూ కలిసిన బొమ్మను లెక్కలవాళ్లు గ్రాఫు అంటారు, ఈ వంశం పేరు స్ట్రాంగ్లీ రెగ్యులర్ గ్రాఫులు. పేరు వినగానే జనం లేచి మంచినీళ్లకు వెళతారని ఆవిడకు అనుభవం మీద తెలుసు. అత్తగారు మాత్రం ఒకనాడు కదలకుండా కూర్చుని అడిగారు.

"ఏమే కోడలా, రోజూ అలా చుక్కలు పెడతావు, ఆ గోలేంటో నాకూ చెప్పు. పోయేలోపు తెలుసుకుంటాను."

"ఒక కాలనీ ఉందనుకోండి అత్తయ్యా. అందులో ప్రతి మనిషికీ స్నేహితులు సమానంగా ఉంటారు. ఒకరికి ఎక్కువ లేదు, ఒకరికి తక్కువ లేదు."

"బాగుంది."

"స్నేహంగా ఉన్నవాళ్లు ఏ ఇద్దరిని పట్టుకున్నా, ఆ ఇద్దరికీ ఉమ్మడి స్నేహితులు ఇంతమందే అని ఒక లెక్క. పరిచయం లేనివాళ్లు ఏ ఇద్దరిని పట్టుకున్నా, మధ్యలో ఇద్దరికీ తెలిసినవాళ్లు ఇంతమందే అని ఇంకో లెక్క. కాలనీ మొత్తం తిరిగినా ఆ లెక్కలు తప్పవు."

"అంత పద్ధతైన కాలనీ ఎక్కడుందే?"

"అదే వెతుకుతున్నాను అత్తయ్యా."

"మన వీధిలో మాత్రం వెతక్కు. టైము దండగ."

అత్తగారి మాట నిజమే. ఆ వీధిలో ఉమ్మడిగా అందరికీ ఉన్నది నీళ్ల ట్యాంకరు ఒక్కటే. దాని దగ్గర ఎవరూ ఎవరికీ స్నేహితులు కారు.

ఆ వంశంలో కొన్ని గ్రాఫులు దొరికాయి. కొన్ని ఉండవని తేలిపోయింది. కొన్ని మాత్రం ఉన్నాయో లేవో ఎవరికీ తెలియకుండా మిగిలాయి. అలా మిగిలినవాటిలో ఒకదాన్ని, కొన్ని వందల చుక్కలున్నదాన్ని, మేడమ్ వయసులో ఉండగానే పట్టుకున్నారు. పట్టుకున్నారంటే చేతికి దొరికిందని కాదు. అది గనక ఉంటే ఎలా ఉంటుందో చెప్పడం మొదలుపెట్టారు.

అందుకు ఆవిడ చేతిలో ఉన్న ఆయుధం బీజగణితం. చుక్కకూ చుక్కకూ మధ్య గీత ఉంటే ఒకటి, లేకపోతే సున్నా వేసుకుంటూ పెద్ద పట్టిక రాస్తారు. దాన్ని దానితోనే గుణిస్తే ఏదో భయంకరమైన కొత్త పట్టిక రావాలి కదా, రాదు. ఆ పట్టిక, గీతలు లేని చోట ఒకట్లు వేసిన పట్టిక, ఒక్కో చుక్కకు తనతో తనకే ఒకటి వేసిన పట్టిక, ఈ పాత మూడే కాస్త ఎచ్చుతగ్గులతో కలిసి మళ్లీ వస్తాయి. ఎన్నిసార్లు గుణించినా ఆ మూడింటి గడప దాటి బయటికి పోదు. వినడానికి వింతగా ఉంటుంది గానీ కాలేజీ స్టాఫ్ రూములో కూర్చున్నవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. అక్కడ కూడా ఏ ఇద్దరిని కలిపి కూర్చోబెట్టినా వచ్చేవి అవే మూడు: ప్రమోషను, బదిలీ, మోకాళ్ల నొప్పి.

ఆ పట్టికలోంచి కొన్ని సంఖ్యలు తీస్తారు. అవి పూర్ణ సంఖ్యలుగా రాకపోతే గ్రాఫు లేనట్టే. మేడమ్ గ్రాఫుకు అన్నీ పూర్ణ సంఖ్యలుగానే వచ్చాయి. పెట్టిన పరీక్షలన్నీ పాసైంది. ఇక ఆవిడకు దాని మీద మమకారం పడింది. దానికి ఇలాంటి అందం ఉంటుందని ఒక పత్రం, ఇలాంటి పొందిక ఉంటుందని ఒక పత్రం, అలా పదకొండు పత్రాలు రాశారు. ప్రతి పత్రమూ "అటువంటి గ్రాఫు ఉన్నట్లయితే" అనే మొదలయ్యేది. పుట్టని పిల్లవాడి గుణగణాలను ఇంత వివరంగా రాసిన తల్లి ఇంకొకరు ఉండరు. విదేశీ పత్రికలవాళ్లు మర్యాదస్తులు కాబట్టి అన్నీ అచ్చువేశారు. పిల్లవాడు ఏడీ అని అడగలేదు.

అడిగినవాడు ఒక్కడే. ఆ కాలేజీలోనే లెక్కలు చెప్పే పెద్దాయన. ఎవరు ఏం చెప్పినా "కానీ" అని మొదలుపెట్టేవారు కాబట్టి ఆయన కానీ మాస్టారు. మేడమ్ మొదటి పత్రం చదివిన రోజున అందరూ చప్పట్లు కొట్టాక లేచి, "కానీ, అది ఉందా అమ్మా?" అన్నారు. తెలియదని మేడమ్ అన్నారు. "సరే" అని కూర్చున్నారు. ఏడాది తిరిగాక రెండో పత్రానికీ అదే అడిగారు. ఆ తరవాత ప్రతి పత్రానికీ అదే. మధ్యలో మేడమ్‌కు ఒళ్లు మండి ఆయనతో మాట్లాడడం మానేశారు. ఆయనకు దాని వల్ల లోటేమీ జరగలేదు, ప్రశ్న ఒకటే కాబట్టి. అయిదేళ్ల కిందట ఆయన రిటైరైనప్పుడు ఇచ్చిన పూలగుత్తిలో మేడమ్ వాటా కూడా ఉంది. తన వాటాలో ముళ్లున్నవి ఏరి పెట్టించారని అటెండరు చెప్పుకుని నవ్వేవాడు. ఆ అటెండరు చాలా మంచివాడు. మేడమ్ క్లాసుకు వెళ్లేముందు బోర్డు రెండుసార్లు తుడిచేవాడు. చుక్క మీద చుక్క పడితే ఆవిడకు కనపడదని వాడి భయం.

మేడమ్ కూడా రిటైరయ్యే వేళకు కాలేజీకి ఒక కొత్త ప్రిన్సిపాలు వచ్చారు. మనిషి చురుకైనవాడు. కాలేజీకి రాబోయే తనిఖీ బృందానికి ఏదో ఒక గొప్ప చూపించాలని ఊరంతా గాలించి, చివరికి గొప్ప తన స్టాఫ్ రూములోనే కూర్చుని మోకాళ్లు రుద్దుకుంటోందని కనిపెట్టారు. పదకొండు పత్రాలు! అన్నీ ఒకే గ్రాఫు మీద! వెంటనే తనిఖీ, మేడమ్ వీడ్కోలు ఒకే రోజున పెట్టారు. ఒకే కుర్చీలు, ఒకే టీ. గుమ్మం ఎదుట గోడకు సున్నం వేయించి, మేడమ్ గ్రాఫును దాని మీద నిలువెత్తున వేయించమని బోర్డులు రాసే పెయింటరును పిలిపించారు.

మూడో రోజున మేడమ్ గుమ్మంలోకి అడుగుపెట్టి ఆగిపోయారు. గోడ మీద అప్పటికే ఎర్ర చుక్కలు, నీలం గీతలు సగం దాకా పాకాయి. పెయింటరు నిచ్చెన మీద ఉన్నాడు.

"ఇదేంటి బాబూ?"

"మీ గ్రాఫే మేడమ్. బాగా వచ్చిందా?"

"ఎవరు చెప్పారు ఇలా గీయమని?"

"ఎలా గీయాలని సారునడిగాను. అందంగా గీయమన్నారు."

మేడమ్ గోడ దగ్గరికి నడిచారు. ప్రపంచంలో ఎవరూ చూడని గ్రాఫు. ఉందో లేదో తేలని గ్రాఫు. దాన్ని కాలేజీ గోడ మీద సగం వేసేశారు. అలవాటు కొద్దీ ఒక చుక్క నుంచి వెళ్లే గీతలు లెక్కపెట్టారు. పక్క చుక్క నుంచి లెక్కపెట్టారు. రెండూ సమానం కాదు. లేనిదాన్ని గీయడమే కాక తప్పుగా గీశారు.

"పోనీ మేడమ్, మొత్తం వద్దు," అన్నాడు పెయింటరు, ఆవిడ మొహం చూసి నిచ్చెన దిగుతూ. "ఒక్క చుక్కా, దాని చుట్టూ ఉన్నవీ ఎలా ఉంటాయో ఖాయంగా తెలుసు కదా? అంతవరకు మీరు కాగితం మీద గీసివ్వండి. అది వేస్తాను. అబద్ధం లేకుండా ఉంటుంది."

మాట సబబుగానే ఉంది. తంటా ఎక్కడొచ్చిందంటే, మేడమ్ ఇన్నేళ్లలో ఆ గ్రాఫును ఒక్కసారి కూడా గీయలేదు. వంటగట్టు మీది ఐదు చుక్కలు వేరు, అవి చిన్నపిల్లలు. పెద్దదాన్ని గీయడం ఆవిడ విద్యలో నామోషీ. బీజగణితం చేతిలో ఉండగా బొమ్మలు వేసుకునేవాళ్లంటే ఆ శాఖవాళ్లకు కాస్త జాలి. దాని గుణాలన్నీ సంఖ్యల్లో తెలుసు. ముఖం మాత్రం తెలియదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక బల్ల మీద పెద్ద పల్చటి అట్ట పరిచి కూర్చున్నారు. నడుమ ఒక చుక్క. దాని స్నేహితులు ఒక వలయం. అవతల పరిచయం లేనివాళ్లు. ఆ అవతలివాళ్లలో ఒక ప్రత్యేకమైన గుంపు ఉండి తీరుతుందని పదకొండో పత్రంలో ఆవిడే నిరూపించారు. ఆ గుంపును ఆకుపచ్చ పెన్సిలుతో వేశారు. గీతలను ఇంకా కలపకుండా, ఒక్కో చుక్క నుంచి అవతలి వైపుకు ఎన్ని వెళ్లాలో అన్ని సగం గీతలు మాత్రం వేశారు. స్నేహితుల నుంచి ఆ గుంపుకు వెళ్లే గీతలెన్నో పెయింటరుకు రాసివ్వాలి కదా అని లెక్కపెట్టారు. స్నేహితుల వైపు నుంచి లెక్కపెడితే సరి సంఖ్య వచ్చింది. సరిచూసుకుందామని గుంపు వైపు నుంచి లెక్కపెట్టారు. బేసి సంఖ్య వచ్చింది.

ఒకే తాడు. ఈ చివర నుంచి కొలిస్తే ఒక పొడుగు, ఆ చివర నుంచి కొలిస్తే ఇంకో పొడుగు. అలాంటి తాడు లోకంలో ఉండదు. ఆ తాడున్న గ్రాఫూ ఉండదు.

మేడమ్ రెండు వైపుల నుంచీ మళ్లీ మళ్లీ లెక్కపెట్టి, పెన్సిలు కింద పెట్టారు. టీ పెడదామని లేచిన భర్త ఆ వాలకం చూసి దగ్గరికొచ్చారు.

"ఏమైందోయ్?"

"లేదండీ."

"ఏది లేదు?"

"అదే. అది లేదు."

ఆయన అర్థం చేసుకోవడానికి కాస్త టైము తీసుకున్నారు. "ఎక్కడో తప్పు లెక్కపెట్టి ఉంటావు."

"మళ్లీ మళ్లీ పెట్టాను."

"ఇలా తే." ఆయన షాపు నుంచి తెచ్చుకునే భూతద్దం కంటికి తగిలించుకుని అట్ట మీదికి వంగారు. ఏం లెక్కపెడుతున్నారో ఆయనకు తెలియదు. గీత మీద గీత వేలు ఆనిస్తూ, పెదవులు కదిలిస్తూ, ఆ వైపు నుంచీ ఈ వైపు నుంచీ లెక్కపెట్టారు. టీ సంగతి మరిచిపోయారు. చివరికి భూతద్దం తీసి, ఆవిడ చేతి మీద చెయ్యి వేశారు.

"నాకూ అంతే వచ్చింది," అన్నారు, తప్పు తనదే అయినట్టు.

కుర్చీలో కునుకుతున్న అత్తగారు కళ్లు తెరిచారు. "ఏంట్రా, ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదమ్మా. ఆ కాలనీ లేదట."

"లేదని తేలిందా? పోనీలే. ఇన్నాళ్లూ అదీ తెలియలేదు కదా." అని మళ్లీ కళ్లు మూసుకున్నారు. ఆ ఇంట్లో ఆ రోజు లెక్కల గురించి అంతకంటే సరైన మాట ఎవరూ అనలేదు. లేదని తేల్చడం కూడా తేల్చడమే. పత్రికలవాళ్లు దాన్ని సంతోషంగా అచ్చువేస్తారు. కానీ మేడమ్‌కు ఆ క్షణాన పత్రికలు గుర్తుకు రాలేదు. ఏళ్ల తరబడి గుణాలు చెప్పి పెంచినదాన్ని తనే, తన పదకొండో పత్రంతోనే, లేకుండా చేశారు. పైగా ఈ సంగతి లోకంలో తెలిసింది తనకు, ఓ కళ్లజోళ్లాయనకు, నిద్రపోతున్న ఓ ముసలావిడకు. అట్ట చింపేస్తే వీడ్కోలు రోజున పూలదండ మెడలో పడుతుంది, ఎవరికీ ఏమీ తెలియదు. దేవుడొక్కడికి తెలుస్తుంది. ఆయన ఒక్కడే కదా అని సర్దుకుపోయే పెంపకం కాదు ఆవిడది.

సోమవారం ప్రిన్సిపాలు గదిలోకి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పారు. ఆయన శ్రద్ధగా విన్నారు. శ్రద్ధగా వినడం ఆయన ఉద్యోగంలో భాగం.

"అంటే మేడమ్, ఇంకా దొరకలేదు అంటారు."

"దొరకదండీ. లేదు."

"లేదు అంటే కొంచెం అపశకునంగా ఉంటుందండీ సభలో. పరిశోధన కొనసాగుతోంది అందాం."

"కొనసాగడం లేదండీ. అయిపోయింది."

"కొనసాగుతోంది అంటే తనిఖీవాళ్లు సంతోషిస్తారు. అయిపోయింది అంటే ఏం చేశారని అడుగుతారు." ఆయన కిటికీలోంచి గోడ వంక చూశారు. "పైగా చూడండి, ఎంత బాగా వస్తోందో. చుట్టూ నాలుగు పూలు వేయమన్నాను."

"ఆ బొమ్మ తప్పండీ. గీతలు సమానంగా లేవు."

"ఎవరు లెక్కపెడతారు మేడమ్?" అన్నారాయన చాలా ఆప్యాయంగా. "మీకెందుకు ఇంత కష్టం? మీరు దండ వేయించుకుని, అందరికీ కృతజ్ఞతలు చెప్పి కూర్చోండి. చాలు."

మనిషి చెడ్డవాడు కాదు. ఆవిడ లేచేటప్పుడు కుర్చీ తనే వెనక్కి లాగి, తలుపు దాకా వచ్చి సాగనంపారు. అంత మర్యాదస్తుడితో పోట్లాడడం కష్టం.

గుమ్మం దగ్గర పెయింటరు డబ్బాలు సర్దుకుంటున్నాడు.

"పూలు వేయమన్నారు మేడమ్. మీరు చెప్పేదాకా మూత తీయను. రంగు ఎండిపోయిందని చెబుతాను."

"నీ మీద కోప్పడతారేమో బాబూ."

"రంగు మీద కదా కోప్పడేది, పర్లేదు."

మేడమ్ ఇంటికి వెళ్లలేదు. అట్టను చుట్టగా చుట్టి చంకలో పెట్టుకుని నడవడం మొదలుపెట్టారు. సభలో నోరు తెరిచి లేదు అని చెప్పాలనే నిర్ణయం దారిలో ఎక్కడో జరిగిపోయింది. అంతకు ముందు, తన లెక్క తప్పు కాదని ఖాయంగా తెలియాలి. ఎవరికి చూపించాలి? స్టాఫ్ రూములో చూపిస్తే చూడకుండానే అద్భుతమంటారు. విదేశీ ప్రొఫెసర్లకు పంపితే చూస్తాం అంటూ ఎంతో మర్యాదగా ఏడాది తరవాత జవాబు రాస్తారు. మేడమ్‌కు కావలసింది మర్యాద లేని మనిషి. ఆలోచిస్తే లోకంలో అలాంటివాడు ఒక్కడే తగిలాడు. చుట్టూ చూసుకుంటే తను అప్పటికే ఆయన ఇంటి మెట్ల మీద నిలబడి ఉన్నారు.

కానీ మాస్టారు వరండాలో బకెట్టులో వేడినీళ్లు పోసుకుని రెండు కాళ్లూ అందులో పెట్టుకుని కూర్చున్నారు. లేవబోయారు. లేస్తే నీళ్లన్నీ ఒలుకుతాయని మళ్లీ కూర్చున్నారు.

"రామ్మా. ఏళ్లయింది. ఆ స్టూలు లాక్కో. కాళ్లు బయటికి తీయను, ఏమీ అనుకోకు, ఇప్పుడే వేడి పట్టింది."

మేడమ్ స్టూలు లాక్కున్నారు. అట్ట విప్పి ఆయన ఒళ్లో పరిచారు. ఒక చివర బకెట్టులో తడవబోతే పైకెత్తి పట్టుకున్నారు. ఏమీ దాచకుండా చెప్పేశారు. పదకొండో పత్రం సంగతి ఎత్తగానే ఆయన అందుకున్నారు.

"మూడో సెక్షనులో ఉంది, ఆ గుంపు సంగతి. ఆ నిరూపణ బాగుంది. రెండో పేజీలో ఒక గుర్తు తప్పుపడింది, అచ్చుతప్పే అనుకో."

మేడమ్ ఆయన వంక తేరిపార చూశారు. "మీరు చదివారా?"

"అన్నీ చదివాను. మరి నేను చదవకుండా అడిగేవాణ్ణనుకున్నావా?"

ఆ పత్రాలను మొదటి నుంచి చివరి దాకా చదివినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని మేడమ్ ఎన్నో మధ్యాహ్నాలు అనుకునేవారు. ఒకరున్నారు. ఆయనతోనే ఆవిడ మాట్లాడడం మానేశారు. మనుషులకు ఇలాంటి ఏర్పాట్లు చేసి పెట్టి పైనుంచి చూస్తూ ఉండడంలో దేవుడికి ఏదో సరదా ఉండి ఉంటుంది.

"ప్రతిసారీ ఉందా, ఉందా అని నా ప్రాణం తీశారు కదా మాస్టారూ."

"ఉంటే బాగుండునని ఉండేదమ్మా నాకు. ఎవరైనా లేచి ఉంది అంటే వినాలని. పది మందిలో అడిగితే నీకు పౌరుషం వచ్చి కనిపెడతావని." ఆయన నీళ్లలో కాళ్లు మెల్లగా కదిపారు. "ఇవాళ లేదంటున్నావు. నాకేమీ సంతోషంగా లేదు సుమా."

నీళ్లు చల్లారుతుంటే మేడమ్ లేచి, లోపల పొయ్యి మీద ఉన్న గిన్నెలోంచి వేడినీళ్లు తెచ్చి బకెట్టులో పోశారు. కాళ్ల మీద పడకుండా అంచు వెంట పోశారు.

"నేనేం చేయాలో చెప్పు," అన్నారాయన.

"ఇందులో తప్పు వెతకండి మాస్టారూ. పెద్దదైంది, రిటైరవుతోంది, బాధపడుతుంది అనేవేమీ చూడకండి. ఇంతకాలం ఎలా చూశారో అలాగే చూడండి. సభ జరిగేలోపు వెతికి పెట్టండి. దొరికితే ఫోను చేయకండి, మా ఇంటికి రండి, ఎదురుగా కూర్చుని చెప్పండి." అట్ట అంచు ఆయన చేతిలో పెట్టారు. "దొరక్కపోయినా మీరే రండి."